లైట్లు కొనకండి, ఎదుటివాడి భుజం చూడండి

మీరు అడిగింది క్లుప్తంగా ఇది: మూడేళ్లుగా కరాటే చేస్తున్నారు, కాటా (ఒంటరిగా చేసే నిర్ణీత కదలికల వరుస) శుభ్రంగా వస్తుంది, ప్యాడ్ల మీద వేగం బాగుంది, ఎదుటివాడితో తలపడే కుమితేకి దిగితే మాత్రం దెబ్బ తగిలాక గానీ అది వస్తోందని తెలియడం లేదు. రియాక్షన్ టైమ్ తగ్గిస్తుందని అమ్మే, వెలిగిన దీపాన్ని తట్టి ఆర్పే లైట్ల బోర్డు కొనాలా? న్యూరోసైన్స్ ట్రైనింగ్ అంటూ వస్తున్న వీడియోల్లో నిజమెంత?

బోర్డు కొనకండి. ఎందుకో చెప్పాలంటే కాస్త లెక్క వేయాలి.

నా సంగతి రెండు ముక్కల్లో చెప్తాను. కరాటేతో మొదలుపెట్టి, కొన్నేళ్లు జూడో చేసి, చివరికి బాక్సింగ్ దగ్గర ఆగాను. పాతికేళ్లు దాటింది, అందులో పదిహేనేళ్లు నేర్పడంలోనే గడిచాయి. నేను డాక్టర్ని కాదు, ల్యాబ్‌లో పనిచేసినవాణ్ణీ కాదు. నా దగ్గర నేర్చుకునేవాళ్లు బ్యాగ్ ముందు పులుల్లా ఉండి రింగ్‌లో పిల్లులైపోతుంటే, ఎందుకిలా అవుతోందని చదవడం మొదలుపెట్టాను.

ఇక లెక్క. దీపం వెలగగానే బటన్ నొక్కమంటే ఆరోగ్యంగా ఉన్న మనిషికి సుమారు 200 నుంచి 250 మిల్లీసెకన్లు పడుతుంది. శబ్దానికైతే ఇంకొంచెం తక్కువ, 150 దరిదాపుల్లో ఉంటుంది. కంట్లో పడ్డ వెలుగు నరాల సంకేతంగా మారాలి, అది మెదడు వెనక భాగానికి చేరాలి, ఏం చేయాలో తేలాలి, ఆ ఆజ్ఞ వెన్నుపాము మీదుగా కండరానికి దిగాలి. ప్రతి మజిలీలోనూ కొంత సమయం పోతుంది. సాధన చేస్తే కాస్త తగ్గుతుంది గానీ సగానికి సగం తగ్గదు. ఇటు చూస్తే, మంచి బాక్సర్ విసిరిన జాబ్ (ముందు చేత్తో సూటిగా వేసే గుద్దు) మీ ముక్కు దాకా రావడానికి సెకనులో ఐదో వంతు, అటూ ఇటూగా పడుతుంది. పిడికిలి కదలడం చూసి మీ చెయ్యి కదలడం మొదలయ్యేసరికి దెబ్బ తగిలిపోయింది. చెయ్యెత్తి అడ్డుకోవడానికి ఇంకా టైమెక్కడిది?

పైగా అది ఒకే దీపం లెక్క. 1952లో విలియం హిక్ అనే పరిశోధకుడు పది దీపాలు, పది మీటలు పెట్టి చూశాడు. ఎన్ని దీపాల్లో ఒకటి వెలగొచ్చో ఆ సంఖ్య పెరిగేకొద్దీ స్పందించే సమయమూ పెరిగింది. అవకాశాలు రెట్టింపైన ప్రతిసారీ దాదాపు ఒకే మొత్తం కలుస్తూ పోయింది. స్పారింగ్‌లో, అంటే సాధన కోసం చేసే పోరులో, మీ ఎదుట రెండు చేతులున్నాయి, రెండు కాళ్లున్నాయి, ఒక్కోదానితో నాలుగైదు రకాల దెబ్బలున్నాయి. మీకు తెలియకపోవడంలో వింతేమీ లేదు. పిడికిలిని చూసి స్పందించాలనుకుంటే ఎవరైనా ఓడిపోతారు.

ఇక్కడ చిన్న హెచ్చరిక. హిక్ పేరు చెప్పి "అందుకే ఒక్క బ్లాకే నేర్చుకోండి, ఎక్కువ టెక్నిక్స్ నేర్చుకుంటే మెదడు జామ్ అవుతుంది" అని ఆత్మరక్షణ క్లాసుల్లో తెగ ఊదరగొడతారు. అది సగం నిజం. 1959లో మోబ్రే, రోడ్స్ అనే ఇద్దరు వేల సార్లు సాధన చేయించి చూస్తే, రెండు అవకాశాలకూ నాలుగు అవకాశాలకూ మధ్య తేడా దాదాపు మాయమైపోయింది. సంకేతానికీ స్పందనకూ సహజమైన పొంతన ఉంటే కూడా ఈ భారం తగ్గుతుంది. కాబట్టి ఎన్ని టెక్నిక్స్ నేర్చుకున్నారన్నదాని కన్నా, ఏ సంకేతానికి ఏది రావాలో మీ మెదడులో ఎంత గట్టిగా ముడిపడిందన్నది ముఖ్యం.

మరి రింగ్‌లో మంచివాళ్లు ఎలా తప్పించుకుంటున్నారు? వాళ్లు పిడికిలి కోసం ఎదురుచూడరు. దానికంటే ముందొచ్చే సమాచారంతో పని మొదలుపెడతారు.

1980ల్లో బ్రూస్ అబర్నెతీ అనే పరిశోధకుడు బ్యాడ్మింటన్ ఆటగాళ్లకు వీడియోలు చూపించి, షాట్ కొట్టే క్షణానికి ముందే ఆపేసి, షటిల్ ఎక్కడ పడుతుందో చెప్పమన్నాడు. కొత్తవాళ్లు రాకెట్ కదలికను బట్టి చెప్పగలిగారు. అనుభవజ్ఞులు రాకెట్టే కాక దాన్ని పట్టుకున్న చేతిని బట్టి కూడా చెప్పారు. చెయ్యి ముందు కదులుతుంది, రాకెట్ తర్వాత. అంటే వాళ్లకు కబురు ముందే అందుతోంది. వాళ్ల కళ్లు మీ కళ్లకంటే చురుకైనవేమీ కావు, సినిమా ఎక్కణ్ణుంచి చూడటం మొదలుపెట్టాలో వాళ్లకు తెలుసు, అంతే.

దీన్ని నేను నా కళ్లతో చూసింది ఒకసారి చెప్తాను. నా దగ్గర ఇద్దరు కుర్రాళ్లు ఎప్పుడూ కలిసి స్పారింగ్ చేసేవాళ్లు. ఒకడి జాబ్ చాలా వేగం. బయటివాళ్లెవరూ దాన్ని ఆపలేకపోయేవారు, ఈ రెండోవాడు మాత్రం పదిలో ఎనిమిది తప్పించేవాడు. "ఎలా తెలుస్తోందిరా నీకు?" అని అడిగితే "ఏమో మాస్టర్, తెలిసిపోతుంది" అన్నాడు. నాకు పట్టుదల వచ్చి ఫోన్‌లో స్లో మోషన్ తీశాను. ముప్పై జాబ్‌లు ఒకదాని తర్వాత ఒకటి చూశాను. పదోదాని దగ్గర దొరికింది. పిడికిలి కదలకముందే వాడి ఎడమ మోచెయ్యి ఒక వేలు వెడల్పున బయటికి జరుగుతోంది, అదే సమయంలో వెనక మడమ నేలకు దిగుతోంది. రెండోవాడి తల సరిగ్గా ఆ మడమతో పాటే కదలడం మొదలవుతోంది. ఆ వీడియో చూపిస్తే ఇద్దరూ నోరెళ్లబెట్టారు. తప్పించుకునేవాడికి కూడా తను చూస్తున్నది మడమనని తెలియదు! నెలల తరబడి వాడి మెదడు లెక్కలు కట్టుకుంది, ఆ లెక్క వాడికి చెప్పలేదు.

ఇప్పుడు లైట్ల బోర్డు సంగతి తేలిపోయింది కదా. దీపానికి భుజం లేదు, మోచెయ్యి లేదు, మడమ లేదు. వెలిగే ముందు అది ఏ సూచనా ఇవ్వదు. దాని ముందు ఆరు నెలలు గడిపితే దీపాలు ఆర్పడంలో మీరు ఆరితేరుతారు. స్పారింగ్‌లో మీకు కావలసింది వచ్చేదాన్ని ముందే పసిగట్టడం. దాన్ని నేర్పగలిగేది ఎదురుగా ఉన్న మనిషి మాత్రమే. ఆ మనిషిని వదిలి బోర్డు ముందు నిలబడటమంటే నేల విడిచి సాము చేయడమే.

చూపు ఎక్కడ పెట్టాలన్నది కూడా దీనికి సంబంధించిందే. కరాటే, ఫ్రెంచ్ బాక్సింగ్ ఆటగాళ్ల కంటి కదలికలను పరికరాలతో కొలిచిన అధ్యయనాలున్నాయి. అనుభవజ్ఞుల చూపు ఎక్కువగా తల, ఛాతీ ప్రాంతంలోనే నిలుస్తుంది. కొత్తవాళ్లు చేతి నుంచి కాలికి, కాలి నుంచి చేతికి కళ్లు పరిగెత్తిస్తుంటారు. కన్ను ఒక చోటి నుంచి ఇంకో చోటికి గెంతే క్షణంలో చూపును మెదడే మసకబారుస్తుంది, లేకపోతే లోకమంతా గిర్రున తిరిగినట్టు ఉంటుంది. అంటే ఎన్నిసార్లు కళ్లు గెంతిస్తే అన్నిసార్లు కాసేపు గుడ్డివాళ్లవుతారు. కదలికను పట్టడంలో కంటి అంచు చూపు బాగానే పనిచేస్తుంది కాబట్టి, గొంతు కింద, కాలర్ ఎముకల మధ్య ఒక చోట చూపు వదిలేసి, భుజాలను, నడుమును అంచు చూపుతో పట్టుకోవడం మేలు. జపాన్ కత్తిసాము అయిన కెండోలో దీన్ని దూరపు కొండను చూసినట్టు చూడటం అంటారు. వాళ్లకు కంటి కెమెరాలు లేకుండానే దొరికింది.

ఇక ఫెయింట్, అంటే ఒక దెబ్బ వేస్తున్నట్టు నటించి మోసగించడం. మెదడు సైన్స్‌లో నాకు అన్నిటికన్నా పనికొచ్చింది ఈ ముక్కే కాబట్టి కాస్త ఎక్కువసేపు ఇక్కడ ఆగుతాను.

ఒక సంకేతానికి స్పందన తయారవుతుండగా రెండో సంకేతం వస్తే, రెండోదానికి స్పందన ఆలస్యమవుతుంది. 1931లోనే టెల్ఫర్డ్ దీన్ని గమనించాడు, 1950ల్లో వెల్ఫర్డ్ దానికి సిద్ధాంతం కట్టాడు. నిర్ణయం తీసుకునే చోట ఒకే కౌంటర్ ఉందనుకోండి. మొదటి మనిషి పని అయ్యేదాకా రెండో మనిషి క్యూలో నిలబడాలి. ఫెయింట్ చేసే పని ఆ కౌంటర్‌ను కాసేపు బిజీగా ఉంచడం. మీరు జాబ్ వేస్తున్నట్టు భుజం కదిపారు, ఎదుటివాడి మెదడు "జాబ్, పక్కకు తప్పుకో" అని పని మొదలుపెట్టింది. ఆ పని సాగుతుండగానే అసలు దెబ్బ పొట్టకు వెళ్లింది. అతను రెండోదాన్ని చూశాడు, కానీ దానికి స్పందన క్యూలో ఉంది. మొదలుపెట్టిన కదలికను ఆపడానికి కూడా సమయం కావాలి. లోగన్, కోవన్ 1984లో ఈ ఆపే ప్రక్రియకు సిద్ధాంతం ఇచ్చారు. మామూలు ప్రయోగాల్లో ఆపడానికి కూడా సుమారు 200 మిల్లీసెకన్లు తేలుతుంది.

దీనివల్ల మూడు విషయాలు తెలుస్తాయి. మొదటిది, ఫెయింట్ నమ్మేలా ఉండాలి. ఎదుటివాడు పసిగట్టేది మీ భుజం, మడమ అయితే, ఫెయింట్‌లో కదలాల్సినవి కూడా అవే. ఉత్త చెయ్యి ఊపితే కొత్తవాడు బెదురుతాడు గానీ అనుభవజ్ఞుడు నవ్వుకుంటాడు. రెండోది, టైమింగ్. అసలు దెబ్బ ఆలస్యమైతే అతని కౌంటర్ ఖాళీ అయిపోతుంది, మరీ వెంటనే వస్తే రెండింటినీ కలిపి ఒకే కదలికగా చూస్తాడు. ఆ నడిమి సందు దొరకాలి. నా దగ్గర దీన్ని నేర్పే పద్ధతి సులువు: ఫెయింట్‌కి ఎదుటివాడి శరీరంలో ఏదో ఒకటి కదలడం చూసిన క్షణంలోనే దెబ్బ వేయమంటాను. "ఒకటి, రెండు" అని మనసులో లెక్కపెట్టుకుంటూ వేసేవాళ్లు ఎప్పుడూ లేటే. మూడోది చాలామంది మర్చిపోతారు. ఫెయింట్ పనిచేయాలంటే అంతకుముందు నిజమైన జాబ్ రెండు మూడు గట్టిగా తగిలి ఉండాలి. అప్పుడే ఎదుటివాడి మెదడు మీ భుజాన్ని ప్రమాదంగా లెక్కేస్తుంది.

ఇదే సూత్రాన్ని తిప్పి చూస్తే మీ రక్షణ అవుతుంది. ప్రతి భుజం కదలికకూ పెద్దగా స్పందించకండి. గార్డ్‌ను (రక్షణగా ఎత్తి పెట్టుకున్న చేతులను) రెండంగుళాలు సర్దడం, తలను కాస్త జరపడం, అంతటితో ఆగే స్పందనలు పెట్టుకోండి. అడుగు వెనక్కి వేయడమైతే ఇంకా మంచిది. ఏ దెబ్బ వస్తుందో తెలియకపోయినా అడుగు పనిచేస్తుంది. పది దీపాల సమస్యను అది ఒక దీపం సమస్యగా మార్చేస్తుంది. పాత గురువులు దూరం, దూరం అని అరిచి చంపేది ఇందుకే.

జూడోలోకి వెళ్లినప్పుడు నాకు అర్థం కానిది ఒకటుండేది. గ్రిప్ (ఎదుటివాడి దుస్తుల మీద పట్టు) పట్టుకున్నాక సీనియర్లు నా కదలికకు ఎంత త్వరగా బదులిచ్చేవారంటే, నా మనసు చదువుతున్నారేమో అనిపించేది. స్పర్శ దారి వేరు. కండరం హఠాత్తుగా సాగితే వచ్చే స్పందన రెండు దఫాలుగా వస్తుంది. మొదటిది వెన్నుపాము స్థాయిలో, మన ప్రమేయం లేకుండా వచ్చేస్తుంది. రెండోది 50 నుంచి 100 మిల్లీసెకన్ల మధ్యలో వస్తుంది. 1956లో హామండ్ ఒక చిత్రమైన సంగతి చూపించాడు: చేతిని లాగే ముందు "బిగపట్టు" అని చెప్తే ఆ రెండో స్పందన పెద్దదవుతుంది, "వదిలెయ్" అని చెప్తే చిన్నదవుతుంది. అంటే కంటితో చూసి నిర్ణయించుకునే సమయంలో సగానికంటే తక్కువలోనే వచ్చే స్పందనను, మనం ముందే పెట్టుకున్న ఉద్దేశం మార్చగలదు. 1959లో లెనార్డ్ వేళ్ల కింద మీటలు పెట్టి, ఏ వేలి కింద అదిరితే ఆ వేలితో నొక్కమంటే, ఎన్ని వేళ్లున్నా స్పందించే సమయం పెద్దగా పెరగలేదు. హిక్ దీపాల గొడవ స్పర్శకు అంతగా అంటదు. చైనా యుద్ధకళ వింగ్ చున్ వాళ్ల చీ సావ్ (చేతులు ఆనించి చేసే అభ్యాసం), తైచీ వాళ్ల చేతులు తోసుకునే అభ్యాసం, జూడో రాండోరి (ఒకరినొకరు పట్టుకుని చేసే స్వేచ్ఛా సాధన) ఈ దారినే వాడుకుంటాయి. తాకగల దూరానికి వచ్చాక కళ్ల మీద ఆధారపడటం తగ్గించి చేతిని ఎదుటివాడి మీద ఉంచండి. కళ్లు మూసుకుని గ్రిప్ పట్టి మెల్లగా చేసే రాండోరి వారానికి పది నిమిషాలు చేసి చూడండి.

ఇప్పుడు మీ అసలు బాధకు వద్దాం: ప్యాడ్ల మీద వచ్చింది స్పారింగ్‌లో రావడం లేదు.

ప్యాడ్ పట్టేవాడు "జాబ్, క్రాస్" అని అరుస్తాడు, మీరు కొడతారు. మళ్లీ అదే, యాభై సార్లు. ముప్పయ్యోదానికి అద్భుతంగా వస్తుంది, చెమట కారుతుంది, నేర్చుకున్నామన్న తృప్తి కలుగుతుంది. షే, మోర్గన్ అనే ఇద్దరు 1979లో చేసిన ప్రయోగం ఈ తృప్తి మీద నీళ్లు చల్లింది. చేతి కదలికలు మూడు రకాలు నేర్పారు. ఒక గుంపు ఒక్కో రకాన్నీ పూర్తిగా ముగించి తర్వాతదానికి వెళ్లింది. ఇంకో గుంపు మూడింటినీ కలగలిపి చేసింది. సాధన జరుగుతున్నప్పుడు మొదటి గుంపుదే పైచేయి. కొన్నాళ్ల తర్వాత పరీక్షిస్తే కలగలిపి చేసిన గుంపుకు ఎక్కువ గుర్తుంది. 1986లో బ్యాడ్మింటన్ సర్వీసుల మీద చేసినప్పుడూ ఇలాంటి ఫలితమే వచ్చింది. ఒకే పని మళ్లీ మళ్లీ చేస్తుంటే మెదడు ప్రతిసారీ దాన్ని మొదటి నుంచి కట్టక్కర్లేదు, నిన్నటి చపాతీని వేడి చేసినట్టు పని కానిచ్చేస్తుంది. మార్చి మార్చి చేస్తే ప్రతిసారీ ఏది, ఎప్పుడు, ఎలా అని కొత్తగా తేల్చుకోవాలి. ఆ తేల్చుకోవడమే చదువు. స్పారింగ్‌లో మీకు అవసరమయ్యేదీ అదే.

అందుకని నేను ప్యాడ్ పట్టే పద్ధతి మార్చేశాను. ఇప్పుడు అరవను. ప్యాడ్లు కిందికి పెట్టుకుని తిరుగుతుంటాను. కుడి ప్యాడ్ ఎత్తితే ఒకటి, భుజం జరిపితే ఇంకోటి, అడుగు ముందుకేస్తే వెనక్కి జరిగి కొట్టాలి, ఒక్కోసారి నేనే కొడతాను. కుర్రాళ్లు మొదట చాలా విసుక్కున్నారు, "మాస్టర్, దీంతో ఫ్లో పోతోంది" అని. నిజమే, పోతుంది. వీడియోకి అందంగా కనపడదు. బొత్తిగా కొత్తవాళ్లకు మాత్రం మొదట్లో కొన్ని వారాలు ఒకే కదలికను పట్టుకుని చేయించక తప్పదు. పిడికిలి బిగించడం రానివాడికి కలగలిపి ఇస్తే కలగాపులగమే మిగులుతుంది.

కాటా వదిలేయమనడం లేదు. 2012లో లండన్‌లో పన్నెండు మంది బ్లాక్ బెల్టులను, కరాటే రాని పన్నెండు మందిని పోల్చారు. అయిదు సెంటీమీటర్ల దూరం నుంచి కొట్టించారు. కండబలంలో పెద్ద తేడా లేకపోయినా బ్లాక్ బెల్టుల దెబ్బ గట్టిగా ఉంది. భుజమూ మణికట్టూ పతాక వేగాన్ని అందుకునే క్షణాలు వాళ్లలో చక్కగా కుదిరాయి. చిన్నమెదడును మిగతా మెదడుతో కలిపే దారుల్లో కూడా తేడా కనిపించింది. ఆ కుదురు కాటా, కిహోన్ (ప్రాథమిక కదలికల అభ్యాసం) వంటి సాధనతోనే వస్తుంది. అది పిడికిలికి బలం ఇస్తుంది, ఆ పిడికిలిని ఎప్పుడు విడవాలో చెప్పదు. మీకు ఒకటి ఉంది, రెండోది లేదు, అంతే తేడా.

టెన్షన్‌కి చేతులు కాళ్లు ఆడకపోవడం గురించి. భయం బాగా ముదిరితే నుదుటి వెనక ఉండే ప్రీఫ్రంటల్ కార్టెక్స్ పనితీరు మందగిస్తుంది. ఎమీ ఆర్న్‌స్టెన్ అనే శాస్త్రవేత్త ఏళ్ల తరబడి చేసిన పరిశోధన దీని మీదే. ఒత్తిడిలో విడుదలయ్యే నోరాడ్రినలిన్, డోపమిన్ మోతాదు మించితే ప్రణాళిక వేయడం, మనసులో రెండు విషయాలు పట్టి ఉంచుకోవడం కష్టమవుతుంది. కాబట్టి రింగ్‌లోకి ఏడు అంచెల వ్యూహంతో వెళ్లకండి. రెండు మాటల్లో చెప్పగలిగేదే వ్యూహం. కోచ్‌లకు కూడా ఇదే మనవి: రౌండ్ల మధ్య ఆ నిమిషంలో ఉపన్యాసం ఇవ్వకండి, ఒక్క పని చెప్పండి.

హఠాత్తుగా భయపడితే మనిషికి పుట్టుకతో వచ్చే ఒక భంగిమ ఉంటుంది. కనురెప్ప వాల్చేస్తాడు, అది సుమారు 40 మిల్లీసెకన్లలోనే మొదలవుతుంది. భుజాలు పైకి లేస్తాయి, మెడ ముడుచుకుంటుంది, మోచేతులు వంగుతాయి. ఇది మెదడు అడుగు భాగం చేసే పని, ఇష్టంతో సంబంధం లేదు. దీన్ని చంపేయాలని చూసే ట్రైనింగ్ నాకు నచ్చదు. భుజాలు లేచి మోచేతులు వంగడం దాదాపు గార్డే కదా! అక్కణ్ణుంచే మొదలయ్యే కదలికలు నేర్చుకోండి. ఇంకో సంగతి: కదలిక ముందే తయారుగా ఉంటే, పెద్ద శబ్దంతో ఉలిక్కిపడిన క్షణంలో అది మామూలు కంటే బాగా త్వరగా, 100 మిల్లీసెకన్ల లోపే మొదలవుతుందని 1999లో ఒక ప్రయోగం చూపించింది. ఉలికిపాటు ఆ తయారైన కదలికను తన్ని బయటికి నెడుతుంది. తయారుగా ఏమీ లేనివాడికి ఉలికిపాటే మిగులుతుంది.

భయాన్ని అలవాటు చేసుకోవడానికి భయం ఉన్న చోటే సాధన చేయాలి. నెదర్లాండ్స్‌లో పోలీసుల మీద 2008లో వచ్చిన అధ్యయనంలో ఒక గుంపు అట్ట బొమ్మల మీద, ఇంకో గుంపు రంగు సబ్బు తూటాలతో తిరిగి కాల్చే మనుషుల మీద సాధన చేసింది. తర్వాత ఒత్తిడిలో పరీక్షిస్తే రెండో గుంపు గురి నిలబడింది. మీకు నా సలహా ఏమిటంటే, ఒత్తిడిని మోతాదుగా పెంచుకోండి. ఇవాళ ఒక్క జాబ్ మాత్రమే అనుమతించే స్పారింగ్, తర్వాత జాబ్‌తో పాటు ఒక కిక్, తర్వాత మిగతావాళ్లంతా చుట్టూ నిలబడి చూస్తుండగా ఒక నిమిషం, తర్వాత పరిచయం లేని పార్ట్‌నర్‌తో. గుండె వేగం ఇంత దాటితే ఇది పోతుంది, అంత దాటితే అది పోతుంది అని రంగుల చార్టులు తిరుగుతుంటాయి. వాటిని పట్టించుకోకండి. పరిగెత్తి గుండె 160 కొట్టుకోవడం, భయంతో 160 కొట్టుకోవడం ఒకటి కావు.

లైట్ స్పారింగ్ ఎందుకు మూడో నిమిషానికి కొట్లాటగా మారుతుందో ఎప్పుడైనా ఆలోచించారా? ఇద్దర్నీ విడదీసి అడిగితే ఇద్దరూ ఒకటే అంటారు: "వాడే ముందు గట్టిగా కొట్టాడు." ఇద్దరూ నిజమే చెప్తున్నారు. 2003లో షెర్గిల్, వోల్పర్ట్ బృందం ఇద్దరిద్దరిని కూర్చోబెట్టి, ఒకరి వేలి మీద ఒకరు, తమకు తగిలినంత బలంతోనే తిరిగి నొక్కమన్నారు. ప్రతి వంతులోనూ బలం సగటున సుమారు 38 శాతం పెరుగుతూ పోయింది. మనం చేసే పని వల్ల కలిగే స్పర్శను మెదడు ముందే ఊహించి తగ్గించి చూపిస్తుంది. మన చక్కిలిగింత మనకే పుట్టకపోవడానికీ కారణం ఇదే. నేను పెట్టిన బలం నాకు తక్కువగా, నువ్వు పెట్టింది ఎక్కువగా అనిపిస్తుంది. ఇది చదివాక నేను తిట్టడం మానేసి నియమం మార్చాను. దెబ్బ ఎంత గట్టిదో కొట్టినవాడు చెప్పకూడదు, తిన్నవాడు చెప్పాలి. తిన్నవాడు "తగ్గించు" అంటే వాదన లేదు. మా హాల్లో పగిలిన పెదాలు ఆ ఒక్క మాటతో బాగా తగ్గాయి.

మెదడుకు పదును పెట్టడం గురించి ఇంత మాట్లాడి, ఆ మెదడునే దెబ్బలకు వదిలేస్తే అర్థం లేదు. నా ఇరవైల్లో ఒక పోటీలో గడ్డం మీద హుక్ (చెయ్యి వంచి పక్కనుంచి వేసే గుద్దు) తగిలి, మిగతా రౌండ్ ఎలా ఆడానో నాకు గుర్తులేదు. అందరూ భుజం తట్టి మెచ్చుకున్నారు. నాలుగో రోజున మళ్లీ స్పారింగ్‌కి దిగాను, ఆపినవాళ్లు లేరు. నెల రోజులు వెలుతురు చూస్తే తలనొప్పి. ఇప్పుడు తలుచుకుంటే ఒళ్లు జలదరిస్తుంది. బాక్సర్లలో తల దెబ్బల ప్రభావాన్ని హారిసన్ మార్ట్‌లాండ్ అనే డాక్టర్ 1928లోనే వైద్య పత్రికలో రాశాడు. మెదడుకు ఎక్కువ హాని చేసేది తల గిర్రున తిరగడమని 1943లో హోల్బర్న్ జెల్లీతో చేసిన మెదడు నమూనాలతో చూపించాడు. గడ్డం చివర తగిలే హుక్ అంత ప్రమాదం కావడానికి కారణం ఇదే. హెడ్‌గేర్ కోతలను, వాపులను ఆపుతుంది గానీ లోపల మెదడు తిరగడాన్ని ఆపే శక్తి దానికి అంతగా లేదు. 2016 రియో ఒలింపిక్స్‌లో పురుష బాక్సర్లు అది లేకుండానే ఆడారు.

తలకు దెబ్బ తగిలి మసక, మతిమరుపు, తూలడం ఏది కనిపించినా ఆ రోజుకు ఆట బంద్. ఒకటి రెండు రోజులు విశ్రాంతి, తర్వాత డాక్టర్ చెప్పిన ప్రకారం మెట్టు మెట్టుగా తిరిగి రావాలి, స్పారింగ్ అన్నిటికంటే చివరి మెట్టు. తలనొప్పి పెరుగుతూ పోయినా, పదే పదే వాంతులైనా, మగతగా ఉన్నా, ఒక కనుపాప పెద్దదైనా, ఫిట్స్ వచ్చినా వెంటనే హాస్పిటల్‌కి వెళ్లాలి. నేను చెప్పిన పసిగట్టే విద్యంతా తలకు దెబ్బ లేకుండా నేర్చుకోవచ్చు. భుజానికి, ఛాతీకి తాకించే స్పారింగ్‌లో కూడా మోచెయ్యి అదే మోచెయ్యి, మడమ అదే మడమ. తలకు గట్టిగా కొట్టుకునే రౌండ్లు మా దగ్గర పోటీకి వెళ్లేవాళ్లకే, అదీ అరుదుగా.

మిగతావి గబగబా. వీడియోలు చూడటం పనికొస్తుంది, కానీ మీరు చేసిన కదలికలవే. 2005లో బ్యాలే నర్తకులకు, బ్రెజిల్ యుద్ధకళ కాపోయిరా ఆటగాళ్లకు రెండు రకాల వీడియోలూ చూపించి మెదడు స్కాన్ చేస్తే, ఎవరికి వచ్చిన విద్య వాళ్లు చూస్తున్నప్పుడు కదలికలకు సంబంధించిన భాగాలు ఎక్కువ చురుగ్గా పనిచేశాయి. నిద్ర తగ్గించుకోకండి. వేళ్లతో వరుసగా మీటలు నొక్కే పని నేర్పి చూసిన 2002 నాటి ప్రయోగంలో, ఒక రాత్రి నిద్ర తర్వాత అదనపు సాధన లేకుండానే వేగం సుమారు 20 శాతం పెరిగింది. ఎడమచేతివాళ్లతో తరచూ ఆడండి. వాళ్ల మెదడులో ప్రత్యేకత ఏదో ఉందనుకోనక్కర్లేదు, జనంలో పదింట ఒకరే ఉండటం వల్ల మన మెదడుకు వాళ్ల భుజం చదివే అలవాటు లేదు. మెదడులో పది శాతమే వాడుతున్నాం, సరీసృపాల మెదడును అదుపు చేయండి అంటూ మొదలయ్యే వీడియో ఏదైనా కనిపిస్తే అక్కడే ఆపేయండి.

మీరు రేపటి నుంచి చేయదగ్గది ఒకటుంది. మీ పార్ట్‌నర్‌ని నాలుగు దెబ్బలే వాడమనండి, సగం వేగంతో, తన ఇష్టమొచ్చిన వరుసలో. మీరు అడ్డుకోవద్దు, కొట్టొద్దు. దెబ్బ బయల్దేరకముందే అది ఏదో నోటితో చెప్పడానికి ప్రయత్నించండి: "జాబ్", "కిక్". మొదటి వారం సగం తప్పులు చెప్తారు. రెండు మూడు వారాలకు మీ నోరు మీకంటే ముందు పలకడం మొదలుపెడుతుంది. అప్పుడు వేగం పెంచండి, నోటి బదులు అడుగు వాడండి. ఫోన్‌తో తీసి చూసుకోండి, మీ పార్ట్‌నర్ మడమనే కాదు, మీ మోచెయ్యినీ చూడండి. అది బయటికి జరుగుతోందంటే అవతలివాడు కూడా మిమ్మల్ని చదివేస్తున్నట్టే. ఒక నెల చేశాక ఏమైందో ఇక్కడే రాయండి, వీడియో పెడితే చూసి చెప్తాను.